అవధానము – పరాకు

తెలుగులో 'పరాకు' అనే మాట నడక విచిత్రమైనది. అన్నం ముందు కూర్చుండి పిలిచినా పలకని పిల్లవాణ్ణి చూచి తల్లి "ఎక్కడరా నీ పరాకు?" అంటుంది. అక్కడ పరాకు అంటే ఏమరుపాటు, మనస్సు మరొకచోట ఉండటం. అదే మాటను పూర్వం రాజు సభకు విచ్చేసే వేళ వందిమాగధులు 'బహుపరాక్' అని ఎలుగెత్తి పలికేవారు. అక్కడ దాని భావం జాగ్రత్త వహించండి, దృష్టి ఇటు నిలపండి అని. శ్రద్ధకూ, శ్రద్ధ లేకపోవడానికీ ఒకే మాట చెల్లింది. దీనికి భాషావేత్తలు చెప్పే కారణం ఏదైనా కావచ్చును గాని, నాకు మాత్రం ఇందులో అనుభవానికి సరిపోయే సత్యం ఒకటి ఉన్నట్లు తోస్తుంది. ఒకదానియందు పరాకు లేనిదే మరొకదానియందు అవధానం కుదరదు. పిలిచినా పలకని ఆ పిల్లవాడు నిజానికి దేనిమీదనో అతి శ్రద్ధగా ఉన్నాడు. తల్లి పిలుపుమీద లేడు, అంతే.

ఉర్దూలో ఇదే భావానికి 'తవజ్జుహ్' అంటారు. దానికి మూలం అరబ్బీలో ముఖం అని అర్థమిచ్చే 'వజ్హ్' అనే మాట. ముఖాన్ని ఒకవైపునకు త్రిప్పడమే తవజ్జుహ్. ఒకవైపునకు ముఖం త్రిప్పినవాడు రెండవవైపునకు వీపు త్రిప్పక తప్పదు గదా! మన కళాశాలలో ఈ రెండు భాషలూ ప్రక్క ప్రక్క గదులలో బోధింపబడుతున్నవి. గోడకు అటునుండి గజల్ పాఠం, ఇటునుండి పద్య పాఠం వినవస్తూ ఉంటే, రెండింటి నడుమ వరండాలో నడిచేవాని చెవిలో ఏది పడుతుంది, ఏది పడదు అన్న ప్రశ్న నాకు చాలాసార్లు కలిగింది. ఈ వ్యాసానికి అదే మొదలు.

కన్ను కెమెరా వంటిదని చిన్న తరగతులలో చదువుకున్నాము. ఆ పోలిక కొంతదూరం నడిచి ఆగిపోతుంది. కంటి వెనుక పొరలో మసక వెలుతురును గ్రహించే దండకణాలు దాదాపు 12 కోట్లు, రంగులను గ్రహించే శంకుకణాలు దాదాపు 60 లక్షలు ఉంటాయి. కాని ఆ పొరనుండి మెదడుకు వార్త మోసుకొనిపోయే నాడిలో ఉన్న తంతువులు సుమారు 10 లక్షలు మాత్రమే. అనగా, చూచినదానిని కుదించి పంపే పని మెదడు దాకా పోకముందే, కంటిలోనే ఆరంభమవుతున్నది. మరొక విషయం. చేయి చాచి బొటనవ్రేలిని నిలబెట్టి చూడండి. ఆ గోరు ఆక్రమించే పాటి స్థలమే ఏ క్షణంలోనైనా మనకు నిశితంగా కనబడుతుంది. మిగిలినదంతా మసకే. ఆ మసక మనకు తెలియకపోవడానికి కారణం కన్ను నిమిషమైనా ఒకచోట నిలువకపోవడం. సెకనుకు రమారమి మూడుసార్లు అది ఒకచోటినుండి మరొకచోటికి దూకుతూ ఉంటుంది. దూకే ఆ లిప్తపాటులో చూపును మెదడు అణచివేస్తుంది. నమ్మకం లేనివారు అద్దం ముందు నిలబడి తమ ఎడమకన్నును, పిదప కుడికన్నును, మరల ఎడమకన్నును చూచుకొనవచ్చును. కన్ను కదిలిన మాట నిశ్చయం; ప్రక్కన ఉన్నవారు ఆ కదలికను చూడగలరు. మీకు మాత్రం మీ కన్ను కదలడం ఎన్నటికీ కనబడదు.

ఈ సంగతిలో కొంతభాగం వెయ్యేండ్ల క్రిందటనే ఒక మహనీయుడు ఊహించాడు. బస్రాలో 965 ప్రాంతంలో జన్మించి, కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్' అనే దృష్టిశాస్త్ర గ్రంథంలో చూపు రెండు విధాలని చెప్పాడు. మొదటిది పైపైన కన్ను పడిపోయే చూపు. రెండవది వస్తువు భాగాలను ఒక్కొక్కటిగా పరిశీలించే చూపు. వస్తువు నిజస్వరూపం తేలేది రెండవదానితోనే అని ఆయన నిర్ణయం. పరిచితమైన వస్తువును చూడగానే ఆనవాలు పట్టడంలో జ్ఞాపకమూ, ఊహా పనిచేస్తాయనీ, ఆ పని అతి వేగంగా జరగడంవల్ల మనకు తెలియదనీ కూడా ఆయన వ్రాశాడు. వెలుతురు వస్తువునుండి కంటికి వస్తుందని స్థాపించినవాడుగా ఆయనను లోకం స్మరిస్తుంది. చూపులో మనస్సు పాలు ఎంత అని అడిగినవాడుగా తలచుకునేవారు తక్కువ.

చెవి సంగతి మరింత విచిత్రం. కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు. మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లకు పోయినవారికి ఆ రొద ఎట్టిదో చెప్పనక్కరలేదు. చుట్టుప్రక్కల గ్రామాలనుండి వచ్చి నిలిచిన ఎత్తైన ప్రభలు, వాటిమీది విద్యుద్దీపాలు, ఒక్కొక్క ప్రభకు ఒక్కొక్క మైకు, చెరకుగడలు అమ్మేవారి కేకలు, తప్పిపోయినవారి పేర్లు చదివే ప్రకటనలు, ఇవన్నీ ఒకేసారి చెవిలో పడుతూనే ఉంటాయి. ఆ హోరులో ఇద్దరు మిత్రులు నిలబడి మిరప ధర గురించి సావధానంగా మాట్లాడుకోగలరు. ఆ ప్రక్కనే పదిగజాల దూరంలో బిడ్డ ఏడిస్తే, అందరికీ వినబడని ఆ ఏడుపు తల్లికి వినబడుతుంది. చెవులు అందరివీ ఒక తీరువే. వడపోత వేరు.

ఈ వడపోతను ప్రయోగశాలలోనికి తెచ్చినవాడు లండనులోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన కోలిన్ చెర్రీ. 1953లో ఆయన ఒక చక్కని ఉపాయం పన్నాడు. మనిషి రెండు చెవులకూ వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోని ప్రసంగాన్ని వెంటవెంటనే పైకి పలుకుతూ ఉండమన్నాడు. పని పూర్తయిన తరువాత రెండవ చెవిలో ఏమి విన్నావని అడిగితే, దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. రెండవ చెవిలోని ఇంగ్లీషు మధ్యలో జర్మను భాషగా మారిన సంగతిని కూడా గుర్తింపలేదు. పురుషుని కంఠం స్త్రీ కంఠంగా మారితే మాత్రం గుర్తించారు. అనగా ధ్వని చేరుతున్నది; అర్థం చేరడం లేదు.

దీని ఆధారంగా కేంబ్రిడ్జిలో పనిచేసిన డోనాల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఇంద్రియాలనుండి వచ్చే సమాచారమంతా ఒక ఇరుకు ద్వారం దగ్గరకు చేరుతుంది. అక్కడ ఒక జల్లెడ ఉండి, స్వరం, దిక్కు వంటి స్థూల లక్షణాలను బట్టి ఒకదానిని మాత్రమే లోనికి విడుస్తుంది. మిగిలినవి బయటనే రాలిపోతాయి అని ఆయన మతం. చూడ ముచ్చటైన సిద్ధాంతం. కాని మరుసటి సంవత్సరమే నెవిల్ మోరే అనే పరిశోధకుడు దానికి ఒక చిల్లు పొడిచాడు. వదలివేయమన్న చెవిలో వినేవాని సొంత పేరు పలికిస్తే, సుమారు మూడింట ఒక వంతు మంది దానిని గుర్తించారు! జల్లెడ బయటనే రాలిపోయినట్లయితే అది తన పేరని ఎట్లా తెలిసింది? అప్పుడు ఆన్ ట్రీస్‌మన్ అనే విదుషి సవరణ చేసింది. అక్కడ ఉన్నది మూసిన తలుపు కాదు, తెర. తెర అవతలి మాటలు సన్నగిల్లి వస్తాయి గాని పూర్తిగా ఆగిపోవు. తన పేరు, తన బిడ్డ ఏడుపు, 'పాము' అన్న కేక వంటివి ఎంత సన్నగా వచ్చినా మనస్సును తట్టి లేపుతాయి. కోటప్పకొండ తల్లికి జరిగింది అదే.

మూడింట ఒక వంతు అంటే మిగిలిన రెండు వంతుల మందికి తమ పేరు కూడా వినబడలేదని గుర్తుంచుకోవలెను. వీరిలో తేడా ఎక్కడ అన్న ప్రశ్నకు 2001లో మరొక ప్రయోగం సమాధానం ఇచ్చింది. మనస్సులో ఏకకాలంలో పెక్కు విషయాలను నిలుపుకోగల శక్తి తక్కువగా ఉన్నవారిలో 65 శాతం మంది తమ పేరును విన్నారు. ఆ శక్తి ఎక్కువగా ఉన్నవారిలో 20 శాతం మందే విన్నారు. ధారణ బలంగా ఉన్నవానికి తన పేరు కూడా అడ్డు రాదన్నమాట.

ధారణ అనగానే తెలుగువానికి అవధానం గుర్తు రాక మానదు. శ్రద్ధ అనే గుణాన్ని ఒక సభారంజకమైన కళగా తీర్చిన గౌరవం మన జాతికి దక్కింది. ఆ కళకు పెట్టిన పేరే శ్రద్ధ అని అర్థమిచ్చే మాట. నరసరావుపేట ప్రాంతానికి ఇందులో ప్రత్యేక స్థానం ఉన్నది. ఇక్కడికి చేరువలోని కొప్పరం గ్రామంలో పుట్టిన కొప్పరపు సోదరకవులు, వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942), గంటకు వందలకొలది పద్యాలను ఆశువుగా చెప్పగలవారని ప్రసిద్ధి పొందారు. తిరుపతి వేంకటకవులకూ వీరికీ నడిచిన స్పర్ధ ఆనాటి ఆంధ్రదేశాన్ని రెండు పక్షాలుగా చీల్చింది. ఆ జగడం ఇక్కడ అప్రస్తుతం. మనకు కావలసినది అవధాని మనస్సులో జరిగే పని.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, అది దత్తపది. నిషిద్ధాక్షరి పట్టినవారు అవధాని ఒక్కొక్క అక్షరం పలుకగానే తరువాతి అక్షరం ఫలానాది కాకూడదని అడ్డు తగులుతారు. ఒకరు వర్ణన అడుగుతారు. కొన్ని సభలలో ఒకరు ఉండి ఉండి గంట కొడుతూ ఉంటారు; ఎన్ని గంటలు మ్రోగినవో చివరకు అవధాని చెప్పవలెను. వీరందరి నడుమ అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఒకరు ఉంటారు. అవధాని ఆలోచన చిక్కబడిన సమయం చూచి "ఏమండీ, ఈ పూట మీ ఇంట్లో కూర ఏమిటి?" అన్న ధోరణిలో ప్రశ్నించి ఏకాగ్రతను చెదరగొట్టడమే వారి ఉద్యోగం. అవధాని వారికి కూడా చమత్కారంగా బదులు చెప్పవలసినదే. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, నాలుగు ఆవృత్తులలో పద్యాలన్నీ ముగించి, చివర ధారణలో అన్నింటినీ వరుసగా ఒప్పజెప్పవలెను.

చెర్రీ ప్రయోగంలో చెవులు రెండే. ఇక్కడ దిక్కులు ఎనిమిది. మరి అవధాని ఎనిమిదింటియందు ఏకకాలంలో శ్రద్ధ నిలుపుతున్నాడా? లేదనే నా అభిప్రాయం. నైయాయికులు ఈ చర్చను ఎప్పుడో చేశారు. రెండు జ్ఞానాలు ఒకే క్షణంలో కలుగవు, అదే మనస్సు అనేది ఒకటి ఉన్నదనడానికి గుర్తు అని గౌతముని న్యాయసూత్రాల మతం. మరి కరకరలాడే చక్కిలం తినేటప్పుడు రూపం, వాసన, రుచి, చప్పుడు, స్పర్శ ఐదూ ఒక్కసారే తెలుస్తున్నవి గదా అని ఎదుటివాడు అడుగుతాడు. కొరివికట్టెను గిరగిర త్రిప్పితే నిప్పుచక్రం కనబడుతుంది, చక్రం నిజంగా ఉన్నదా? అట్లే మనస్సు ఒకదానినుండి ఒకదానికి అతి వేగంగా తిరగడంవల్ల అన్నీ ఒక్కసారే అన్న భ్రాంతి కలుగుతున్నది అని సమాధానం. అవధాని చేసేది ఈ కొరివి త్రిప్పడమే. ఒక పృచ్ఛకునివైపు తిరిగినంతసేపు తక్కిన ఏడుగురూ అతనికి లేరు. వారు లేనంతసేపు వారి పద్యాలు చెదరకుండా పట్టి ఉంచేది ఛందస్సు. యతి ఎక్కడ పడవలెనో, ప్రాస ఏ అక్షరమో ముందే స్థిరపడి ఉండటంవల్ల ప్రతి పాదమూ తన తరువాతి పాదానికి చోటు సిద్ధం చేసి ఉంచుతుంది. వచనంలో అవధానం చేయమంటే అంతటి ఉద్దండుడైనా తడబడతాడని నా నమ్మకం. గంటల లెక్క మాత్రం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పద్యం మధ్యలో మ్రోగిన గంటను తెర అవతలనుండే పట్టుకొని లెక్కలో వేసుకోవడం అభ్యాసంవల్ల తప్ప సాధ్యం కాదు.

అవధాని పరధ్యానాన్ని ఎదుట కూర్చోబెట్టుకొని గెలుస్తాడు. ఆరాధన మార్గం వేరు. అది పరధ్యానానికి తావు లేకుండా ముందే చోటును శుభ్రం చేసుకుంటుంది. నమాజులో నిలిచినవాడు దృష్టిని సజ్దా చేసే చోట ఉంచవలెనని పెద్దలు నేర్పుతారు. ఎదుట జనం దాటే అవకాశం ఉన్నచోట 'సుత్రా'గా ఒక అడ్డును నిలుపుకొమ్మంటారు. నగిషీ ఉన్న దుప్పటి ధరించి నమాజు చేసిన మహాప్రవక్త (స), ఆ నగిషీ తమ మనస్సును మరల్చిందని దానిని పంపివేసి, సాదా వస్త్రం తెప్పించుకొన్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. మనోబలం చాలునని ఊరకుండక కంటి ముందున్న వస్తువును మార్చడంలోని వివేకాన్ని గమనించవలెను. పుస్తకం ప్రక్కన ఫోను పెట్టుకొని చదువుకునే మన విద్యార్థులు ఈ ఉదంతాన్ని తలచుకొనవచ్చును. ఉర్దూ తరగతిలో చెప్పుకునే మజ్నూ కథ కూడా ఉన్నది. నమాజు చేస్తున్న ఒకని ఎదుటనుండి మజ్నూ దాటిపోయాడట. అతడు నమాజు ముగించి కోపించగా, "లైలా ధ్యాసలో నేను నిన్ను చూడలేదు, దేవుని ధ్యాసలో ఉన్న నీకు నేనెట్లా కనబడ్డాను?" అన్నాడట మజ్నూ.

ఇంతవరకు వడపోతను మెచ్చుకున్నాము. దానికి మనం చెల్లించే వెల కూడా ఉన్నది. 1999లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ అనే ఇద్దరు ఒక చిన్న చలనచిత్రం చూపించారు. తెల్లచొక్కాల జట్టు, నల్లచొక్కాల జట్టు బంతులు విసురుకుంటూ ఉంటాయి. తెల్లచొక్కాలవారు ఎన్నిసార్లు బంతి మార్చుకున్నారో లెక్కించవలెను. మధ్యలో గొరిల్లా వేషం వేసిన ఒక మనిషి ఆటగాళ్ల నడుమకు వచ్చి, గుండెలు బాదుకొని, వెళ్లిపోతుంది. చూచినవారిలో దాదాపు సగం మందికి ఆ గొరిల్లా కనబడలేదు. మళ్లీ చూపిస్తే ఇది వేరే చిత్రమని వాదించినవారు కూడా ఉన్నారు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లు అన్న మన సామెత ఇందుకు సరిగ్గా సరిపోతుంది.

ఇది వినోదమని నవ్వుకొనవచ్చును. 2013లో ప్రకటింపబడిన మరొక పరిశోధన నవ్వనీయదు. ఊపిరితిత్తుల చిత్రాలలో వ్యాధిసూచకమైన చిన్న గడ్డలను వెదకడంలో ఆరితేరిన 24 మంది వైద్యనిపుణులకు, ఆ గడ్డలకన్నా దాదాపు 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను ఒక చిత్రంలో ఇమిడ్చి చూపారు. 20 మంది దానిని గమనింపలేదు. వారి కంటిచూపు పోకడను యంత్రంతో కొలిచి చూస్తే, వారిలో పెక్కుమంది చూపు సరిగ్గా ఆ బొమ్మమీదనే పడినట్లు తేలింది. కనుక లోపం కంటిది కాదు. నేర్పు లేకపోవడమూ కాదు. వారు గడ్డలను వెదకడంలో మనకన్నా ఎంతో నేర్పరులు. దేనిని వెదకమని మనస్సుకు ఆజ్ఞ ఇచ్చామో దానినే అది తెస్తుంది. అడగనిది తేదు.

ఈ మాటకు మన పలనాటిలో ప్రయోగశాల అక్కరలేని దృష్టాంతం ఉన్నది. మాచర్లకు అవతల, కృష్ణ ఒడ్డున, నల్లమల కొండల నడుమ ఉన్న లోయలో శతాబ్దాలుగా రాతి స్తంభాలు నిలిచి ఉండేవి. పశువుల కాపరులకు అవి ఆనుకొని కూర్చునే రాళ్లు. రైతుకు నాగలికి అడ్డం వచ్చే రాళ్లు. ఇల్లు కట్టదలచినవానికి అటువంటి రాళ్లు ఏమి కాగలవో కృష్ణకు దిగువన అమరావతిలో జరిగినది చూస్తే తెలుస్తుంది. అక్కడ 18వ శతాబ్దం చివర స్తూపపు శిలలు కట్టడాలకు తరలిపోయాయి. ఈ లోయలోని రాళ్లను చూడనివారు ఆ ప్రాంతంలో లేరు. సూరపరాజు వెంకటరామయ్య అనే ఒక బడి ఉపాధ్యాయుడు అక్కడ ఒక స్తంభాన్ని చూచి, ఇది ప్రాచీనమైనదని మదరాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. దానిని అనుసరించి పురావస్తు శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న రంగస్వామి సరస్వతి 1926లో ఆ చోటును చూచి దాని ప్రాముఖ్యాన్ని గుర్తించాడు. అదే నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి. తరువాత లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగి స్తూపాలు, విహారాలు, శాసనాలు బయటపడినవి.

1955లో నాగార్జునసాగరం ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునగవలసి ఉన్నందున 1954 నుండి 1960 వరకు విస్తారంగా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండమీదికీ అనుపు గ్రామానికీ తరలించి తిరిగి నిలిపారు. 1967లో కాలువలకు నీరు వదలినారు. నేడు పలనాటి వరి, ప్రత్తి, మిరప ఆ నీటిని త్రాగుతున్నవి. ఆ ఉపాధ్యాయుడు ఆ రాతిని పైపైన చూచి సాగిపోయి ఉంటే ఎంతకాలానికి మరొకరు గమనించేవారో చెప్పలేము. ఆలస్యమైతే నీరు ఆగేది కాదు. ఆయన కన్ను కాపరుల కన్నుకన్నా వాడి అయినదని నేను అనుకోను. కాపరి ఆ లోయలో కనిపెట్టగలిగిన పులి అడుగును, మందనుండి తప్పిన మేకను ఉపాధ్యాయుడు కనిపెట్టలేకపోయేవాడు. ఇద్దరూ తమ తమ వృత్తులు వెదకమన్న దానిని వెదికారు. ఇబ్నుల్ హైసమ్ చెప్పిన రెండవ చూపు ఒకరికి మేకమీద, ఒకరికి శిలమీద నిలిచింది.

రాళ్ల విషయంలో ఇది సరే. మనుష్యుల విషయంలో కూడా ఇట్లే జరుగుతుంది. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువా 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యంలో, గుడిలోనికి ప్రవేశం లేని పేదవాడు తన మొర వినిపించడానికి గుడిలో నిరాటంకంగా తిరగగల గబ్బిలాన్ని దూతగా ఎన్నుకుంటాడు. ఎదుట ఉన్న మనిషిని చూడని కన్ను అది. అయితే దానిని కేవలం అవధాన లోపమని సరిపెట్టడం న్యాయం కాదు. గొరిల్లాను చూడనివాడు మళ్లీ చూపితే ఆశ్చర్యపడతాడు. ఇక్కడ చూపినా ఆశ్చర్యపడని కన్నులు ఉండేవి. మనశ్శాస్త్రం ఇక్కడ సగం మాత్రమే చెప్పగలదు.

నాకు తెలిసిన ఒక ఉదంతాన్ని కూడా చెప్పవలెను. ఇందులో చూడని కన్ను నాదే. కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక విద్యార్థిని ఎడమవైపు చివరి వరుసలో, కిటికీ ప్రక్కన కూర్చునేది. నేను పాఠం చెబుతున్నంతసేపూ ఆమె ముఖం కిటికీవైపే తిరిగి ఉండేది. ఆ కిటికీ బయట రహదారి. లారీలు, మిరప బస్తాల బండ్లు పోతూ ఉంటాయి. ఆ అమ్మాయి పరాకు మనిషి అని నేను మొదటి నెలలోనే నిశ్చయించుకున్నాను. ఒకటి రెండుసార్లు అందరి ఎదుట మందలించాను. ఆమె తలవంచుకొని ఊరకున్నది. పరీక్షలో ఆమెకు వచ్చిన మార్కులు నా నిశ్చయానికి సరిపడలేదు గాని, నా నిశ్చయాన్ని మార్చుకొనలేదు; ఇంటివద్ద కష్టపడి చదువుతున్నది కాబోలు అనుకొని ఆ ఆధారాన్ని కూడా జల్లెడ బయటనే రాల్చివేశాను.

సంగతి తెలిసినది మా అటెండరు వల్ల. రుసుము విషయమై ఆమెను ఆఫీసుకు పిలుచుకొని రమ్మని పంపితే, తిరిగి వచ్చి, "ఎడమ ప్రక్కనుండి పిలిస్తే ఆ పాప పలకదు సార్. కుడి ప్రక్కకు పోయి పిలవాలి. మీకు తెలియదా?" అన్నాడు. నాకు తెలియదు. చిన్నతనంలో చీము పట్టి ఆమె ఎడమచెవి పోయిందట. ఇంట్లో చెప్పుకోవడానికి ఇష్టపడలేదు. కాలేజీలో చెప్పవలెనని ఆమెకు తోచలేదు. రెండు చెవులు ఉన్నవానికి రొదలోనుండి ఒక కంఠాన్ని ఏరుకోవడం సులభం. ఏ ధ్వని ఏ దిక్కునుండి వచ్చిందో రెండు చెవులకూ అందే తేడాను బట్టి మెదడు విడదీయగలదు. ఒక చెవితో ఆ పని ఎంతో కష్టం. ఆమె గోడవారగా ఎడమవైపు చివర కూర్చున్నది, గదిలోని మాటలన్నీ తన కుడిప్రక్కకు చేరవలెనని. ముఖం కిటికీవైపు త్రిప్పినది, బాగున్న చెవి నావైపు రావలెనని. ఆ తరగతిలో నా మాటను అంత కష్టపడి విన్నవారు మరొకరు ఉన్నారనుకోను. నేను ఏ భంగిమను చూచి పరాకు అన్నానో, అదే ఆమె తవజ్జుహ్.

ఆమె చోటు మార్చవలసిన అవసరం రాలేదు. ఆ గదిలో ఆమెకు తగిన చోటు అదొక్కటే. దానిని మొదటి రోజుననే ఆమె కనిపెట్టుకున్నది. ఆమెను పిలిచి నా తప్పు ఒప్పుకున్నాను. "ఫరవాలేదు సార్, ఫ్యాను చప్పుడు చేసే రోజున మాత్రం కొంచెం గట్టిగా చెప్పండి" అన్నది. ఆ ఫ్యాను ఆరు నెలలుగా చప్పుడు చేస్తున్నదట. నేను విననేలేదు. మరునాడు దానిని బాగుచేయించాము. వాన పడినప్పుడు రేకుల కప్పు మీద చప్పుడుకు ఇప్పటికీ ఉపాయం లేదు. ఆ పూట పాఠం బోర్డు మీద వ్రాస్తూ ఉంటాను.